జినియాకు నీళ్ళు తగ్గించండి, కత్తెర పట్టండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది హనుమకొండ. ఇంటి ముందు కాంపౌండ్ గోడను ఆనుకుని పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు జాగా ఉంది. నల్లమట్టి. పోయిన జూన్‌లో అందులో రెండు ప్యాకెట్ల జినియా గింజలు చల్లాను. మొలకలు బాగానే వచ్చాయి. మొక్కలు నడుమెత్తు పెరిగాయి గానీ ఒక్కోదానికి ఒకటో రెండో పూలు, అంతే. ప్యాకెట్ మీద ముద్ద పూల బొమ్మ ఉంటే, మా మొక్కల్లో సగం రేక పూలే పూశాయి. ఆగస్టులో ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు వచ్చాయి. దసరా దాటాక ఆకుల మీద తెల్లగా పిండి చల్లినట్టు అయింది. దీపావళి నాటికి అన్నీ పీకేశాను. వాన పడని రోజు సాయంత్రం పైపు పెట్టి మొక్కలు పూర్తిగా తడిసేలా నీళ్ళు కొట్టేదాన్ని. వారానికోసారి పల్లి చెక్క నానబెట్టిన నీళ్ళు కూడా పోశాను. ఎక్కడ లోపం జరిగింది? కొసలు కత్తిరించాలని పక్కింటావిడ చెప్పింది గానీ, పూతకొచ్చే మొక్కను కొయ్యొద్దని మా అత్తమ్మ అంటుంది. ఈసారి బతుకమ్మకు మా ఇంటి పూలు పెట్టాలని ఆశ. ఎప్పుడు విత్తాలి? మేడ మీద కుండీల్లో వస్తాయా? గింజలు దాచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ ఉత్తరంలో జవాబు కూడా ఉందండీ. "సాయంత్రం పైపు పెట్టి పూర్తిగా తడిసేలా" అన్నారు చూడండి, మీ కష్టాల్లో సగం అక్కడ మొదలయ్యాయి. మిగతా సగం చెక్క నీళ్ళ దగ్గర, ఆ గోడ దగ్గర ఉన్నాయి. మొక్కను మీరు నిర్లక్ష్యం చేయలేదు. అవసరానికి మించి చూసుకున్నారు.

జినియా సొంత ఊరు మెక్సికో. ఎండ, గాలి దండిగా ఉండే పొడి నేలల మొక్క అది. అందుకే మన దగ్గర ఎండకు పెద్దగా జంకదు. గులాబీలు, చామంతులు నీడ వెతుక్కునే రోజుల్లో కూడా వేళ్ళ దగ్గర కాస్త తడి ఉంటే నిలబడి పూస్తుంది. దానికి పడనిది ఆకు మీద తడి, మొక్కల మధ్య ఆడని గాలి. వానాకాలంలో ఈ రెండూ ఎలాగూ ఉంటాయి. వాన లేని రోజు కూడా మీరు పైపుతో వాన కురిపించారు. సాయంత్రం తడిసిన ఆకు తెల్లారేదాకా ఆరదు. ఆకుమచ్చ తెగులుకు కావలసింది అదే, గంటల తరబడి ఆకు మీద నిలిచే తడి.

ఇక్కడ ఒక విషయం విడదీసి చూడాలి. మీకు వచ్చినవి రెండు వేర్వేరు తెగుళ్ళు. ఆగస్టులో వచ్చిన గోధుమ మచ్చలు వాన తుంపరలతో, నీళ్ళు చిందడంతో ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు పాకేవి. మచ్చ గుండ్రంగా, ఎర్రటి గోధుమ రంగులో మొదలై, పెద్దదయ్యాక నడుమ బూడిద రంగుకు తిరిగితే అది ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం పని. మచ్చకు మూలలు తేలి, చుట్టూ పసుపు అంచు కనిపిస్తే బాక్టీరియా. రెండూ గింజతో పాటే రాగలవు. దసరా తర్వాత వచ్చిన తెల్ల పిండి మాత్రం బూడిద తెగులు. దీనికి ఆకు తడవాల్సిన పని కూడా లేదు. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండి, మొక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటూ, నీడలో, గాలి ఆడకుండా ఉంటే చాలు. మన దగ్గర వానలు తగ్గి మంచు పడే రోజులు దానికి అనుకూలం. అందుకే ఒకటి పోయిందనుకునేలోపు రెండోది వచ్చింది.

అంతరిక్షంలో కూడా జినియాకు ఇదే కష్టం వచ్చింది తెలుసా? 2015 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో జినియా గింజలు మొలకెత్తించారు. టమాటా లాంటి, పూసి కాసే మొక్కల్ని అక్కడ పెంచాలంటే ముందు పూల మొక్క ఎలా పెరుగుతుందో చూడాలన్నది ఆలోచన. డిసెంబరు వచ్చేసరికి తేమ ఎక్కువై ఆకుల అంచుల నుంచి నీళ్ళు కారాయి, ఆకులు ముడుచుకున్నాయి, బూజు పట్టింది. ఫ్యాన్ వేగం పెంచి ఆరబెట్టారు. అప్పుడేమో మరీ ఎండిపోసాగాయి. వ్యోమగామి స్కాట్ కెల్లీ, నీళ్ళు ఎప్పుడు పెట్టాలో భూమి మీది నాసా వాళ్ళు పంపే షెడ్యూల్ ప్రకారం కాకుండా మొక్కను చూసి తానే నిర్ణయించుకుంటానన్నాడు. కొన్ని మొక్కలు పోయాయి, మిగిలినవి కోలుకున్నాయి. 2016 జనవరి 16న నారింజ రంగు పువ్వు ఫొటో లోకమంతా చూసింది. నాసా వాళ్ళ మొక్కకే బూజు పట్టింది కాబట్టి మీరు మరీ బాధపడకండి. కెల్లీ చేసిన పని మాత్రం మీరూ చేయండి: గడియారం చూసి కాదు, మట్టిని చూసి నీళ్ళు పోయండి.

చూడటం ఎలాగంటే, మొక్క మొదట్లో చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. లోపల చల్లగా, తడిగా తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. పొడిగా ఉంటే ఉదయం పూట, పైపు మూతి నేలకు ఆనించి, వేళ్ళ దగ్గర నిదానంగా పారనివ్వండి. ఆకు తడవకూడదు. పారితే బాగా పారాలి, మళ్ళీ రెండు మూడు రోజులు ఆగాలి. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తే వేళ్ళు పైపైనే తిరుగుతాయి, లోతుకు పోవు. వానాకాలంలో మీ నల్లమట్టికి వారం పది రోజులు అసలు నీళ్ళు అక్కర్లేకపోవచ్చు. ఎండ మండే మధ్యాహ్నం ఆకులు కాస్త వాలితే కంగారుపడి బకెట్ ఎత్తకండి. సాయంత్రానికి తలెత్తితే దానికి దాహం లేదన్నట్టే. పొద్దున్నే వాలి ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

నల్లమట్టి అన్నారు కాబట్టి ఆ మాట కూడా చెప్పాలి. నల్లరేగడి బలమైన నేలే గానీ వానకు నీరు పట్టేసి వదలదు. జినియా వేళ్ళు అందులో ఊపిరాడక కుళ్ళుతాయి. మట్టి మొత్తం మార్చే ఖర్చు పెట్టుకోకండి. ఆ మూడడుగుల పట్టీని జానెడు ఎత్తు మడిగా చేయండి. పై మట్టిలో మూడో వంతు ఎర్రమట్టి, కాస్త ముతక ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి పారతో తిరగేయండి. గోడ వైపు నుంచి వాన నీరు మడిలోకి రాకుండా చిన్న కాలువ తీయండి. పెద్ద వాన వెలిసిన అరగంటకు మడి మీద నీళ్ళు నిలిచి కనబడకూడదు. కనబడితే మడి ఇంకా ఎత్తు చేయాలి.

గోడ సంగతి మీరు పూర్తిగా రాయలేదు. అది మడికి ఏ వైపు ఉందో, ఎన్ని గంటలు నీడ పడుతుందో ఒక రోజు గమనించండి. ఎనిమిదింటి నుంచి మొదలుపెట్టి ప్రతి గంటకోసారి మడి మీద ఎండ ఉందా లేదా ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. నేరుగా ఆరు గంటల ఎండ తగలాలి, ఎనిమిది గంటలైతే ఇంకా మంచిది. మూడు నాలుగు గంటలే వస్తుంటే, మొహమాటం లేకుండా చెబుతున్నా, ఆ జాగాలో జినియా వద్దు. అక్కడ క్రోటన్లో, కనకాంబరమో వేసుకుని, జినియాను మేడ మీదికి ఎక్కించండి. నడుమెత్తు పెరిగి రెండు పూలు పూశాయంటే మీ గోడ మీద నాకు అనుమానంగానే ఉంది. ఎండ చాలని మొక్క వెలుగు కోసం కాడ సాగదీసుకుంటూ పోతుంది.

ఆ అనుమానంలో సగం వాటా చెక్క నీళ్ళది కూడా. పల్లి చెక్కలో నత్రజని బాగా ఉంటుంది. అది ఆకును, కాడను పెంచుతుంది. వారం వారం పోస్తే మొక్కకు పూయాల్సిన తొందర ఉండదు, పచ్చగా ఏపుగా పెరుగుతూ పోతుంది. ఆ లేత కండకే పేనుబంకా తెగుళ్ళూ ముందు వస్తాయి. మడి చేసేటప్పుడు వేసిన ఎరువు, గుప్పెడు వేపపిండి చాలు. మొగ్గ పడ్డాక నెలకోసారి మొక్కకు గుప్పెడు వర్మికంపోస్టు వేసి మట్టిలో కలపండి. చెక్క నీళ్ళు మీ గులాబీకి పోసుకోండి, అది సంతోషిస్తుంది.

ఇక కత్తెర. మీ అత్తమ్మగారి మాట కొట్టిపారేయాల్సింది కాదు. ఒంటి కాడ మీద ఒక్క పువ్వు పూసి ఊరుకునే మొక్కల విషయంలో ఆ మాట నిజమే. జినియా అలాంటిది కాదు. దాని కాడ మీద ఆకులు ఎప్పుడూ జంటగా, ఎదురెదురుగా వస్తాయి. కాడకు అతుక్కున్న ప్రతి ఆకు మొదట్లో, చంకలో, ఒక చిన్న చిగురు నిద్రపోతుంటుంది. కొస పెరుగుతున్నంత కాలం అది కిందివాటిని లేవనివ్వదు. కొస పోయిన మరుక్షణం ఆ రెండు చిగుళ్ళూ లేస్తాయి.

మొక్క జానెడు దాటి, మూడు నాలుగు జతల ఆకులు వేశాక, కింది నుంచి లెక్కపెట్టండి. మూడో జత ఆకులకు వేలి మందం పైన, గోటితో గానీ శుభ్రమైన కత్తెరతో గానీ నడి కాడ తుంచేయండి. చేతిలోకి చిన్న మొగ్గతో సహా వస్తుంది, కడుపు తరుక్కుపోతుంది, అయినా తుంచండి. వారం తిరిగేసరికి మిగిలిన ప్రతి జత దగ్గర రెండేసి కొమ్మలు మొదలవుతాయి. ఒక్క కాడ ఉన్నచోట నాలుగు నుంచి ఆరు కాడలు, వాటికి మళ్ళీ పిలకలు. మొదటి పువ్వు రెండు వారాలు ఆలస్యమవుతుంది, ఆ తర్వాత మాత్రం మీకు కోసే తీరిక ఉండదు. అత్తమ్మగారికి చెప్పే పని పెట్టుకోకండి. ఒకే వరుసలో నాలుగు మొక్కలు తుంచి, నాలుగు వదిలేయండి. వచ్చే నెల ఆవిడే చూసి తేల్చుకుంటారు. పొట్టి రకాలకు మాత్రం ఈ తుంచుడు అవసరం లేదు, వాటంతటవే గుబురుగా వస్తాయి.

పూశాక కూడా కత్తెర పక్కన పెట్టొద్దు. పువ్వు మొక్క మీదే వాడి గింజ కట్టడం మొదలైతే మొక్క బలమంతా గింజకే పోతుంది, కొత్త మొగ్గలు తగ్గిపోతాయి. చాలామంది వాడిన పువ్వు తల ఒక్కటే తుంచి, జానెడు మొండి కాడ వదిలేస్తారు. ఆ మొండి ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది, చూడటానికీ బాగుండదు, తెగులుకూ దారి. పువ్వు దగ్గర నుంచి కాడ వెంట వేలు కిందికి జార్చండి. మొదటి గట్టి జత ఆకుల దగ్గర చిన్న చిగుళ్ళు వేలికి తగులుతాయి. వాటికి సరిగ్గా పైన కొయ్యండి. మీరు కోసిన ప్రతిచోటా రెండు కొత్త కాడలు వస్తాయి. పొడుగ్గా కొయ్యడానికి జంకేవాళ్ళకు పొట్టి కాడల పూలే వస్తాయి.

రేక పూల సంగతి. అది మీ తప్పు కాదు. ముద్ద పూల ప్యాకెట్లో కూడా కొన్ని గింజలు రేక పూల మొక్కలవుతాయి, మామూలు మిశ్రమ ప్యాకెట్లలో ఆ పాలు ఎక్కువే ఉంటుంది. అయితే మొదటి పువ్వు చూసి మొక్కను పీకేయకండి. ఎండ చాలక, నీరు ఎక్కువై ఇబ్బందిపడ్డ మొక్క మొదటి పువ్వును పలచగా పూయవచ్చు. రెండో విడత చూడండి, అప్పుడూ ఒక్క వరుస రేకలే ఉంటే అది దాని జాతి. గింజ దాచుకోవాలనుకుంటే అలాంటివి మడిలో ఉంచొద్దు. గింజ ఉద్దేశం లేకపోతే ఉండనివ్వండి, సీతాకోకచిలుకలు ముద్ద పూల కన్నా వాటి మీదే ఎక్కువ వాలతాయి. రేకల మధ్య బొడ్డు చుట్టూ చిన్న చిన్న పసుపు నక్షత్రాల్లా విచ్చుకుంటాయి చూడండి, తేనె ఉండేది వాటిలోనే. ముద్ద పూలలో అవి రేకల కింద దాగిపోతాయి.

రకం ఎంచుకోవడంలో మీ ముందు రెండు దారులున్నాయి. కోసి పెట్టుకోవడానికి, బతుకమ్మకు పెద్ద ముద్ద పూలు కావాలంటే బెనరీస్ జెయింట్ లాంటి పొడుగు రకాలు. మూడు నాలుగు అడుగులు పెరుగుతాయి, పువ్వు అరచేయి అంత ఉంటుంది, తెగులు ముప్పు ఉంటుంది. పెద్దగా పట్టించుకోకుండా మడి నిండుగా రంగు కనిపిస్తే చాలనుకుంటే ప్రొఫ్యూజన్ రకాలు. జపాన్ కంపెనీ సకాటా తయారుచేసిన ఈ రకాల్లో మామూలు జినియానూ, సన్న ఆకుల జినియానూ సంకరం చేశారు. అడుగు, అడుగున్నర దాటవు, బూడిద తెగులును బాగా తట్టుకుంటాయి, వాడిన పువ్వులు తుంచకపోయినా కొత్త పూలు వాటిని కప్పేస్తాయి. 1999లో అమెరికాలో కొత్త రకాల్ని పెంచి చూసి మంచివి ఎంపిక చేసే ఆల్ అమెరికా సెలెక్షన్స్ వాళ్ళు వీటిలో రెండు రంగులకు బంగారు పతకం ఇచ్చారు. పూలు చిన్నవి, ఎక్కువగా రేకవే. నేనైతే మీ వానాకాలం మడికి ముందు వరుసలో ఇవి, వెనక వరుసలో పొడుగువి వేస్తాను. నర్సరీలో పూతతో ఉన్న జినియా మొక్కలు మాత్రం కొనొద్దు. చిన్న కవర్లో వేళ్ళు చుట్టుకుపోయి, పువ్వు మీదున్న మొక్క ఇంటికొచ్చాక ఎక్కువ రోజులు నిలవదు. గింజ చవక, నాలుగు నుంచి ఏడు రోజుల్లో మొలుస్తుంది. ఇంత తేలిగ్గా మొలిచేదానికి నారు కొనడమెందుకు?

చల్లడం కూడా మానేయండి. చల్లితే గుంపులుగా మొలుస్తాయి, పీకడానికి మనసు రాదు, గాలి ఆడదు. మళ్ళీ తెగుళ్ళ కథ మొదటికొస్తుంది. పొడుగు రకాలైతే అడుగుకొకటి, పొట్టివైతే జానెడుకొకటి లెక్కన వేలి కొసంత గుంట చేసి, రెండేసి గింజలు వేసి, అర సెంటీమీటరు మందాన మట్టి కప్పండి. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని కత్తెరతో మొదలంటా కొయ్యండి. పీకితే పక్కదాని వేళ్ళు కదులుతాయి. మీ పది అడుగుల పట్టీలో పొడుగు రకాలు రెండు వరుసలు, ఇరవై మొక్కలు. దానికి మించి ఒక్కటి కూడా వద్దు. రెండు ప్యాకెట్లు అక్కర్లేదు.

జూన్, జూలైలలో నేలలో వేస్తే నత్తల బెడద ఒకటుంది. రాత్రి వాన పడితే తెల్లారేసరికి మొలకల వరుస మాయమవుతుంది, నేల మీద మెరిసే జాడ మాత్రం మిగులుతుంది. అలాంటి చోట కాగితం కప్పుల్లో మొలిపించుకోవడం మేలు. జినియాకు వేళ్ళు కదిలితే పడదు కాబట్టి, నాలుగు ఆకులు రాగానే, కప్పు అడుగు చింపి, మట్టి గడ్డ చెదరకుండా నాటేయండి. ఆలస్యం చేస్తే కప్పులోనే మొక్క మొండికేస్తుంది. నత్తలు ఉన్నచోట రాత్రి టార్చ్ వేసుకుని ఏరడాన్ని మించిన మందు లేదు. ఉప్పు మాత్రం మడిలో చల్లకండి, నేల పాడవుతుంది.

ఇప్పుడు బతుకమ్మ లెక్క. పొడుగు రకం గింజ వేసిన 60 నుంచి 70 రోజులకు మొదటి పువ్వు. కొస తుంచినందుకు ఇంకో పది, పదిహేను రోజులు. అంటే దాదాపు 80 రోజులు. ఎంగిలిపూల బతుకమ్మ పెత్తరమాస నాడు కాబట్టి, ఆ అమావాస్య నుంచి 80 రోజులు వెనక్కి లెక్కపెట్టండి. అమావాస్య సెప్టెంబరు 21న వస్తే జూలై మొదటి వారంలో, ఆరుద్ర కార్తె ముగిసేలోపు గింజ పడాలి. అధికమాసం వచ్చిన ఏడాది అమావాస్య అక్టోబరు 10 దాకా జరిగితే జూలై 20 తర్వాత, పుష్యమిలో వేయవచ్చు. పోయినసారి మీరు జూన్‌లోనే వేశారు కాబట్టి పండగ నాటికి మొక్కలు అలసిపోయాయి. అన్నీ ఒకేసారి వేయకుండా సగం మొక్కలు ఆ లెక్క ప్రకారం, మిగతా సగం రెండు వారాల ముందు వేసుకోండి. ఏ విడత వానకు దెబ్బతిన్నా రెండోది అందుతుంది. సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ పూలు కావాలి కదా.

తంగేడు, గునుగు ఉండాల్సినచోట అవే ఉండాలి, వాటి స్థానంలో జినియా పెట్టమని నేననను. గునుగు వరుసల మధ్య బంతితో పాటు ఒక వరుస ముదురు గులాబీ, ఎరుపు జినియాలు పెడితే పళ్ళెం వెలిగిపోతుంది. పొద్దున్నే కోసి, కాడలు మునిగేలా బకెట్ నీళ్ళలో నీడన ఉంచి, పేర్చేటప్పుడు తీసుకోండి.

ఆగస్టు, సెప్టెంబరు ఈదురుగాలులకు పొడుగు రకాలు పక్కకు ఒరుగుతాయి. ఒక్కో మొక్కకు కర్ర కట్టే శ్రమ వద్దు. మడి నాలుగు మూలలా, నడుమ రెండుచోట్ల కర్రలు పాతి, మోకాలి ఎత్తున ఒకసారి, నడుము ఎత్తున ఒకసారి పురికొస చుట్టేయండి. మొక్కలు చిన్నగా ఉండగానే ఈ పని చేయాలి. పడిపోయాక లేపి కడితే కాడ పుటుక్కున విరుగుతుంది.

తెగులు ఈసారీ కనిపిస్తే మొదట మచ్చలున్న కింది ఆకుల్ని, ఎండగా ఉన్న పూట, గిల్లి బయట పారేయండి. కంపోస్టులో వేయొద్దు. చాలాసార్లు దానితోనే ఆగుతుంది. మచ్చలు పైకి ఎక్కుతుంటే లీటరు నీటికి రెండున్నర గ్రాముల మాంకోజెబ్ మందు కలిపి కొట్టండి. ఇది శిలీంధ్రానికే, బాక్టీరియా మచ్చకు పనిచేయదు. దానికి మొక్కను పీకేయడమే మేలు. బూడిద తెగులుకు లీటరుకు మూడు గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం ఆకుల కింద కూడా తగిలేలా పిచికారీ చేయండి. ఎండ ముదరకముందే కొట్టాలి, వేడిలో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వద్దు. ఇవన్నీ తెల్ల పిండి ఒకటి రెండు ఆకుల మీద ఉండగా పనిచేస్తాయి, మొక్కంతా తెల్లబడ్డాక మందు డబ్బులు దండగ. దేవుడికి, బతుకమ్మకు కోయబోయే పూల మీద మందు పడనివ్వకండి, పిల్లలు కూడా వాటిని పట్టుకుంటారు. కొత్త ఆకులు ముడుచుకుని, ఈనెలు లావెక్కి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్. దానికి మందు లేదు, ఆ మొక్కను ఆ రోజే తీసేయాలి. తీసేసిన మడిలో వచ్చే ఏడాది జినియా కాకుండా గోరుచిక్కుడు లాంటివి వేసి, దీన్ని ఇంకోచోటికి మార్చండి.

మేడ మీద కుండీల్లో హాయిగా వస్తాయి, నిజానికి ఎండ, గాలి అక్కడే ఎక్కువ. పొడుగు రకానికి పన్నెండు అంగుళాల కుండీకి ఒకటి, పొట్టి రకమైతే మూడు. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు వర్మికంపోస్టు, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పొట్టు). వానాకాలానికి మాత్రం కోకోపీట్ సగానికి తగ్గించి ఆ మేరకు ఇసుక వేయండి, లేకపోతే కుండీ స్పాంజిలా నీరు పట్టేస్తుంది. అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. ఫిబ్రవరిలో వేసి ఎండాకాలం పూయించాలనుకుంటే కుండీలే మేలు, కానీ ఏప్రిల్, మే నెలల్లో కాంక్రీటు వేడికి మట్టి కాగిపోతుంది. అప్పుడు రోజూ పొద్దున నీళ్ళు తప్పవు. మట్టి మీద ఎండుటాకులు కప్పితే కొంత ఊరట.

గింజలు దాచుకోవచ్చు, హైబ్రిడ్ కాకపోతే. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే దాని పిల్లలు తల్లిలా రావు. మామూలు రకమైతే తెగులు రాని, మీకు నచ్చిన ముద్ద పువ్వు ఉన్న మొక్క మీద రెండు మూడు పువ్వులు కోయకుండా వదిలేయండి. దారం కట్టి గుర్తు పెట్టుకోండి, లేకపోతే మీరే కోసేస్తారు. రేకలు రంగు పోయి కాగితంలా, బొడ్డు గోధుమ రంగులో, కింది కాడ కూడా ఎండాక కోయాలి. వాన ముసురు పట్టేలా ఉంటే అంతకు ముందే కోసి ఇంట్లో ఫ్యాన్ కింద ఆరబెట్టండి, మొక్క మీదే తడిస్తే గింజ బూజు పడుతుంది. ఎండిన పువ్వు నుంచి ఒక రేకను పట్టి లాగితే దాని మొదట్లో చదునుగా, బాణం ములుకులా ఉన్న గింజ ఊడి వస్తుంది. గోటితో నొక్కండి. గట్టిగా ఉంటే గింజ, మెత్తగా నలిగితే తాలు. పక్క మొక్కలతో సీతాకోకచిలుకలు పుప్పొడి కలిపేస్తాయి కాబట్టి ఎరుపు మొక్క గింజ ఎరుపే పూస్తుందన్న హామీ లేదు. కాగితం కవర్లో పోసి, నెల, రంగు రాసి, స్టీలు డబ్బాలో పెట్టండి. మన వాతావరణంలో ఒకటి రెండేళ్ళలోపు వాడెయ్యండి.

మీరు అడగలేదు గానీ, ఇంట్లో ఫ్లవర్ వాజుకు కోసేవాళ్ళంతా పొరబడేది ఒకటుంది. జినియా మొగ్గ కోశాక విచ్చుకోదు. పూర్తిగా విచ్చిన పువ్వునే కోయాలి. పువ్వుకు జానెడు కింద కాడ పట్టుకుని మెల్లగా ఊపండి. పువ్వు తల వంగి ఊగితే ఇంకా రెండు రోజులు ఆగాలి. కర్రలా నిటారుగా నిలబడితే కోసేయండి. నీళ్ళలో మునిగే ఆకులన్నీ తీసేసి, రోజు విడిచి రోజు నీళ్ళు మార్చి, కాడ కొస కాస్త కోస్తూ ఉంటే వారం రోజులు నిలుస్తాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, ఆ చలికి రేకలు నల్లబడతాయి.